గుంత దగ్గరికి రండి సార్: క్వారీ బ్లాస్టింగులు చూసే అధికారులకు, షాట్‌ఫైరర్లకు బహిరంగ లేఖ

గనుల శాఖ, గనుల భద్రత, పేలుడు పదార్థాల లైసెన్సులు చూసే అధికారులకు, క్వారీల్లో మందు నింపి పేల్చే షాట్‌ఫైరర్లకు, వాళ్ళ చేత పని చేయించే మేనేజర్లకు,

నమస్కారం.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ చుట్టూ గుట్టలను పట్టుకొని కంకర క్వారీలు నడిచే ఊళ్ళు చాలా ఉన్నాయి. అందులో ఒక ఊరి రైతును నేను. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే ఇది ఒక యజమానికీ ఒక ఊరికీ పంచాయితీ అయిపోతుంది, ఆ సాకుతోనే ఫైలు మూతపడుతుంది. మైనింగ్ డిప్లొమా చదివి కొన్నేళ్ళు ఓపెన్‌కాస్ట్ గనుల్లో బ్లాస్టింగ్ సెక్షన్‌లో పనిచేసి వచ్చాను కాబట్టి మీ లెక్కలు కొంత తెలుసు, ఊరివాళ్ళ బాధ ఎట్లాగూ తెలుసు, ఈ రెండూ ఒకే కాగితం మీద పెడదామని ఈ లేఖ.

ప్రజావాణిలో అర్జీలు ఇచ్చాం, రశీదులు ఉన్నాయి. గ్రామసభలో తీర్మానం చేసి పంపాం. వచ్చిన జవాబు ఒక్క వాక్యం: బ్లాస్టింగ్ నిబంధనల ప్రకారమే జరుగుతున్నది. తనిఖీకి వచ్చిన సార్లు క్వారీ ఆఫీసు గదిలో రిజిస్టర్ చూశారు, ఊళ్ళోకి వచ్చి గోడలు చూశారు, పాత ఇల్లు కదా పగుళ్ళు వస్తాయి అన్నారు, జీపెక్కి పోయారు. పేలిన చోటికి మాత్రం ఎవరూ పోలేదు. రిజిస్టర్‌లో ఎంత మందు, ఎంత లోతు అని ఏమైనా రాసుకోవచ్చు, బండలో పడిన గుంతను దిద్దడం ఎవరి వల్లా కాదు. ఆ గుంత ఆకారం చూస్తే మందు ఎక్కడ పెట్టారో, హోలు (మందు నింపడానికి బండలో డ్రిల్ చేసిన రంధ్రం) మూతి సరిగ్గా కట్టారో లేదో, ఆ పేలుడులో ఎంత వంతు బండకు పోయిందో, ఎంత వంతు మా ఇళ్ళ మీదికి వచ్చిందో చాలావరకు చెప్పొచ్చు. ఎట్లాగో కాస్త వివరంగా రాస్తాను. అధికారులకు ఇది తెలిసిన పాఠమే, కానీ ఈ లేఖ మా ఊరివాళ్ళు కూడా చదువుతారు, వాళ్ళకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మందు బండను నెట్టి పగలగొడుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. గ్రానైట్‌ను నొక్కి పగలగొట్టడం చాలా కష్టం, లాగి తెంపడం దానికంటే ఎంతో తేలిక. నొక్కితే 100 నుంచి 200 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత), మంచి బండ అయితే ఇంకా ఎక్కువే తట్టుకునే రాయి, లాగితే అందులో పదో వంతు దగ్గరే తెగిపోతుంది. వడ్డెర వాళ్ళకు ఈ అంకెలతో పని లేదు, బండ మీద వరుసగా చీలలు దిగ్గొట్టి ఒక్క గీత వెంట ఇంత పెద్ద రాయిని రెండు చేస్తారు, అదీ లాగి తెంపడమే.

హోలులో మందు పేలినప్పుడు మొదట దాని చుట్టూ కొద్ది జాగాలో రాయి పిండి అయిపోతుంది. దాని తర్వాత హోలు నుంచి నలువైపులా చక్రం ఆకుల్లాగా పగుళ్ళు బయలుదేరతాయి. వీటికంటే ముందే అదురు అల ఒకటి బండలో పరుగెడుతుంది, గ్రానైట్‌లో దాని వేగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు, అంటే 2 మీటర్ల మందం దాటడానికి సెకనులో 2,500వ వంతు చాలు. ఆ అల బండ అంచుకు, అంటే గాలి తగిలే ముఖానికి చేరగానే అవతల నొక్కడానికి ఏమీ లేక వెనక్కి తిరుగుతుంది, తిరిగేటప్పుడు నొక్కుడు కాస్తా లాగుడు అవుతుంది. క్యారమ్స్ కాయిన్లు వరుసగా ఆనించి పెట్టి ఈ చివర స్ట్రయికర్‌తో కొడితే ఆ చివరి కాయినే ఎగిరిపోతుంది చూడండి, అట్లా బండ పైముఖం నుంచి పొర ఊడుతుంది. ఆ తర్వాత, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా, మందు నుంచి పుట్టిన వేడి గ్యాసు అప్పటికే పడిన పగుళ్ళలో దూరి వాటిని వెడల్పు చేసి మొత్తం రాయిని లేపుతుంది. పొర ఊడేది బయటి నుంచి లోపలికి, పగుళ్ళు పోయేది లోపలి నుంచి బయటికి, ఈ రెండూ కలిసిన చోట శంకు ఆకారంలో బండ లేచి గుంత పడుతుంది. దీన్నే క్రేటర్ అంటారు.

ఇక్కడ అసలు సంగతి లోతు. ఒకే బండ, ఒకే మందు, ఒకే బరువు తీసుకొని పైముఖం నుంచి దాన్ని ఎంత లోతున పెట్టామన్నది మార్చుకుంటూ పోతే ఫలితం మొత్తం మారిపోతుంది. 1956లో లివింగ్‌స్టన్ అనే ఇంజనీరు ఈ లెక్కను ఒక సిద్ధాంతంగా పెట్టాడు, గనుల చదువులో ఇప్పటికీ చెబుతారు. మరీ లోతున పెడితే పైముఖం పగలదు, గుంతే పడదు, శక్తి మొత్తం భూమిలో అదురుగా పోతుంది. కాస్త పైకి తెస్తే పైన ఉబ్బు వస్తుంది, పగుళ్ళు వస్తాయి. ఇంకొంచెం తెస్తే ఒక లోతు దగ్గర అన్నిటికంటే పెద్ద గుంత పడుతుంది, రాయి ఎక్కువ పగులుతుంది, ఎగిరేది తక్కువ. దాన్ని కూడా దాటి పైపైన పెడితే గుంత మళ్ళీ చిన్నదైపోతుంది, కానీ చప్పుడు చెవులు పగిలేలా ఉంటుంది, రాళ్ళు గాల్లోకి లేస్తాయి. పెద్ద చప్పుడు అయిందంటే పని బాగా జరిగిందని క్వారీల్లో ఒక నమ్మకం ఉంది, అది శుద్ధ తప్పు. ఆ చప్పుడు బండలోకి పోవాల్సిన శక్తి గాల్లోకి పోయిన చప్పుడు.

మన పక్క బావులు తవ్వించిన పెద్దమనుషులకు ఇది బాగా తెలుసు. బావి అడుగు బండలో తూటా పేలిస్తే దానికి పైకి తప్ప వేరే దారి లేదు, అందుకే బావి మీద కట్టెలూ మట్టిసంచులూ కప్పేవాళ్ళు, మనుషులను దూరం పంపేవాళ్ళు. ఆ జాగ్రత్త కూలికి వచ్చే మేస్త్రీకి ఉండేది, కోట్ల వ్యాపారం చేసే క్వారీకి లేకపోవడం ఏమిటో.

లోతు మాట ఎంత పెద్దదో చెప్పడానికి మన ఊరిది కాని ఉదాహరణ ఒకటి. 1962 మార్చిలో అమెరికా నెవాడా ఎడారిలో గట్టి బసాల్ట్ బండలో డానీ బాయ్ అనే చిన్న అణు పేలుడు జరిపారు, సుమారు 33 మీటర్ల లోతున, శక్తి అర కిలోటన్ను (500 టన్నుల టీఎన్‌టీ) కంటే తక్కువ. 60 మీటర్ల పైన వెడల్పు, సుమారు 19 మీటర్ల లోతు ఉన్న గుంత పడింది. 1964 డిసెంబర్‌లో అటువంటి బండలోనే సల్కీ అని ఇంకోటి, దాని శక్తి చాలా తక్కువ, ఆ శక్తికి తగ్గ లెక్కలో చూస్తే లోతు ఎక్కువ. గుంత పడలేదు, పగిలిన రాయి ఉబ్బి గుట్టలా మిగిలింది. అణుబాంబు అయినా బండ లెక్క బండదే.

ఇంకో లెక్క కూడా ఉంది. గుంతను అన్ని కొలతల్లో రెండింతలు చేయాలంటే మందు రెండింతలు చాలదు, 2 ని మూడుసార్లు గుణించాలి, ఎనిమిదింతలు కావాలి. అంటే బండ సరిగ్గా రాకపోతే ఇంకో నాలుగు తూటాలు ఎక్కువ కొట్టు అనే పద్ధతికి లాభం చాలా తక్కువ, అదురు మాత్రం పెరుగుతుంది. అదురుకు మీరు వాడే సూత్రం ప్రకారమే, ఒక్క డిలేలో, అంటే ఒకే క్షణంలో, పేలే మందును నాలుగింతలు చేస్తే, అదురు లెక్కలో ఇల్లు సగం దూరానికి జరిగినట్టు. మొత్తం ఎంత మందు పేలిందన్న దానికంటే ఒకే క్షణంలో ఎంత పేలిందన్నది ముఖ్యం, అందుకే హోలుకూ హోలుకూ మధ్య మిల్లీసెకన్ల తేడా పెడతారు. డిలే డిటోనేటర్లు (ఆ తేడాతో మందును పేల్చేవి) ఖర్చు అని అన్ని హోళ్ళనూ ఒకేసారి లేపితే ఆ మిగిలిన డబ్బు మా గోడల్లోంచి పోతుంది.

ఇప్పుడు క్వారీకి వద్దాం. సరిగ్గా చేసిన బెంచ్ బ్లాస్టింగ్‌లో, అంటే బండను మెట్లుమెట్లుగా పేల్చే పద్ధతిలో, బండకు రెండు ముఖాలు ఉంటాయి, ఒకటి పైన, ఒకటి ముందు. హోలు నుంచి ముందు ముఖానికి ఉన్న దూరాన్ని, అంటే బర్డెన్‌ను, ఎక్కువా తక్కువా కాకుండా పెట్టి, పైన హోలు మూతిని స్టెమ్మింగ్‌తో, అంటే మందు మీద నింపే కంకర పలుకులతో, గట్టిగా బిగిస్తే రాయి ముందుకు జరిగి అక్కడికక్కడే కుప్ప పడుతుంది. పైన శంకు గుంతలు పడవు, పడకూడదు. హోలు మూతి దగ్గర గరాటా లాంటి గుంత కనిపించిందంటే గ్యాసు ముందుకు పోకుండా పైకి తన్నుకొచ్చిందని అర్థం. కారణాలు కొన్నే ఉంటాయి: స్టెమ్మింగ్ తక్కువ, లేదా చిన్న కంకర పలుకులు నింపాల్సిన చోట డ్రిల్లింగ్ బూడిద నింపారు, లేదా బర్డెన్ మరీ ఎక్కువై బండ కదల్లేక పైకి దారి వెతుక్కుంది, లేదా పాత నెర్రెలోకీ మట్టి పొరలోకీ మందు దిగింది. ఆ గుంత పడిన రోజే మా ఊళ్ళో రాళ్ళు పడతాయి. వెనక వరుస దాటి బండలో పగుళ్ళు కనిపిస్తే అదురు వెనక్కి, అంటే ఊరి దిక్కు, పోయిందని అర్థం. కింద దిబ్బలు దిబ్బలుగా బండ మిగిలితే కింద మందు పని చేయలేదని అర్థం. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు సార్, టేపు, ఫోన్ కెమెరా చాలు.

ఒక విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇదే గ్రానైట్‌ను పెద్ద బ్లాకులుగా కోసి విదేశాలకు పంపే క్వారీల్లో, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి రాయి తీసే చోట, డైమండ్ వైర్ రంపాలతో కోస్తారు, మందు వాడినా ఎంతో జాగ్రత్తగా వాడతారు. ఎందుకంటే బ్లాకులో వెంట్రుకంత పగులు వచ్చినా రేటు పడిపోతుంది. పగుళ్ళు రాకుండా పేల్చడం చేతకాదని ఎవరైనా అంటే నేను నమ్మను. అమ్మే రాయికి చూపించే జాగ్రత్తలో కొంత పక్క ఊరి గోడకు చూపించమంటున్నాం.

ఇక మామూలు జనానికి అవుతున్నది ఇది.

1. ఎగిరే రాళ్ళు. సెకనుకు 70 మీటర్ల వేగంతో 45 డిగ్రీల్లో లేచిన రాయి, గాలి అడ్డును పక్కన పెడితే, సుమారు 500 మీటర్లు పోతుంది. అనుమతి పత్రాల్లో సాధారణంగా డేంజర్ జోన్ అని రాసేది కూడా 500 మీటర్లే. ఆ వలయంలో మా పత్తి చేన్లు ఉన్నాయి, బాట ఉంది, రేకుల ఇళ్ళు ఉన్నాయి. సైరన్ కొట్టగానే పత్తి ఏరే ఆడవాళ్ళు సంచులు వదిలేసి ఉరకాలి, ఆ పూట కూలి ఎవరిస్తారు? పొలంలో పడిన రాళ్ళు ఏరకపోతే వరికోత మిషన్ వాళ్ళు చేన్లోకి రామంటున్నారు, బ్లేడు పోతే వాళ్ళకు వేలల్లో దెబ్బ.

2. గోడలు. డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం గని యజమానివి కాని మామూలు ఇళ్ళ దగ్గర అదురు 8 హెర్ట్జ్ లోపు (సెకనుకు 8 సార్ల కంటే తక్కువ ఊగుడు) అయితే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, 8 నుంచి 25 దాకా 10, ఆపైన 15. చారిత్రక కట్టడాలకైతే ఇంకా తక్కువ, 8 హెర్ట్జ్ లోపు 2 మిల్లీమీటర్లే. ఓరుగల్లు కోట, వేయి స్తంభాల గుడి, యునెస్కో 2021లో గుర్తించిన రామప్ప ఉన్న ప్రాంతం మనది, ఈ 2 అంకె మన అధికారులకు నోటికి వచ్చి ఉండాలి. మా ఊళ్ళో ఎవరి ఇంటి దగ్గరా మిషన్ పెట్టి కొలవలేదు. కొలవకుండానే నిబంధనల ప్రకారం ఉందని ఎట్లా రాశారు?

పాత ఇల్లు అనే మాట గురించి కూడా. మట్టి గోడ, గూన పెంకుల ఇల్లు బలహీనమే, ఒప్పుకుంటాం. బలహీనమైన ఇల్లు ఉందని తెలిసినప్పుడు మందు తగ్గించాలి, ఇంటిని తిట్టడం కాదు.

3. నీళ్ళు. బోర్లు ఎండిన ప్రతిసారీ బ్లాస్టింగే కారణమని నేను అనను, మా దగ్గర మంది కూడా బోర్లు మస్తు దింపారు. కానీ గట్టి బండ ప్రాంతంలో నీళ్ళు ఉండేది పైన మెత్తబడిన పొరలో, కింద పగుళ్ళలో. క్వారీ గుంత ఆ పగుళ్ళ కిందికి దిగాక, అందులోకి ఊరే నీళ్ళను మోటార్లు పెట్టి బయటికి తోడుతుంటే చుట్టుపక్కల నీటిమట్టం దిగుతుంది. ఇది పక్కన వ్యవసాయం చేసే ఎవరినడిగినా చెబుతారు.

4. దుమ్ము. గ్రానైట్‌లో సుమారు 20 నుంచి 35 శాతం క్వార్ట్జ్, అంటే సిలికా. డ్రిల్లింగులో, క్రషర్‌లో లేచే సన్న దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చితే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దానికి మందు లేదు, రాకుండా చూసుకోవడమే. మొదట పోయేది ఊరివాళ్ళు కాదు, డ్రిల్ పట్టుకునే కార్మికుడు. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఇక్కడ పనిచేసి, దగ్గు మొదలయ్యాక సొంతూరికి పోతాడు, మన దవాఖాన లెక్కల్లోకే రాడు.

5. పేలనివి. మిస్‌ఫైర్ అయిన హోలు, కుప్పలో కలిసిపోయిన డిటోనేటర్. గొర్రెలు కాసే పిల్లలు రంగు వైర్లు చూసి ఏరుకుంటారు. దీని గురించి ఎక్కువ రాయాలని లేదు.

6. వదిలేసిన గుంతలు. లీజు అయిపోయాక నీళ్ళు నిండి, అంచు నిటారుగా, దిగితే ఎక్కడానికి మెట్టు లేని గుంతలు. ఎండాకాలం ఈతకు పోయే పిల్లల భయంతో ప్రతి తల్లికీ టెన్షనే.

షాట్‌ఫైరర్ అన్నలకు ఒక మాట. మీ మీద కోపంతో రాయడం లేదు, నేనూ ఆ పనిలోంచి వచ్చినవాణ్ణే. సాయంత్రంలోపు ఇన్ని టిప్పర్ల రాయి పడాలని మేనేజర్ ఫోన్ చేస్తుంటే స్టెమ్మింగ్ ఎంత ఓపికగా చేస్తారో నాకు తెలుసు. కొన్ని చోట్ల సర్టిఫికెట్ ఒకరిది, నింపే చెయ్యి ఇంకొకరిది. రాయి ఎగిరి ఎవరికైనా తగిలితే కేసు సర్టిఫికెట్ ఉన్నవాడి మీదికీ వస్తుంది. అందుకే కింద అడిగే రికార్డులు మిమ్మల్ని కూడా కాపాడేవే.

మేము అడిగేది ఇది.

1. ప్రతి బ్లాస్టింగ్ తర్వాత పేలిన చోట ఫోటోలు, హోలు మూతి దగ్గర గుంత పడిందా, పడితే వెడల్పు, లోతు ఎంత, వెనక పగుళ్ళు ఎంత దూరం పోయాయి అనేది రాసి, హోళ్ళ లోతు, బర్డెన్, స్టెమ్మింగ్ పొడవు, డిలేకు ఎంత మందు అనే వివరాలతో పాటు గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. గుంత పడిన రోజు ఎందుకు పడిందో కారణం రాసేదాకా తర్వాతి బ్లాస్టింగ్ ఆగాలి. మిగతా అన్నీ ఆలస్యమైనా సరే, ఇది మాత్రం వెంటనే కావాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

2. ఊరికి దగ్గరి ఇంటి దగ్గర, సర్కారు బడి దగ్గర అదురు కొలిచే మిషన్ పెట్టాలి, యజమాని మనుషులు కాకుండా బయటివాళ్ళు కొలవాలి, అంకెలు మాకు చూపించాలి.

3. పెద్ద బండల మీద మందు పెట్టి మట్టి కప్పి పేల్చడం ఊళ్ళ దగ్గర పూర్తిగా ఆపాలి. పైన పెట్టిన మందు శక్తిలో ఎక్కువ భాగం గాల్లోకే పోతుందని పైన రాశాను. ఎక్స్‌కవేటర్‌కు బ్రేకర్ తగిలించి కొడితే ఆ పని అయిపోతుంది, అందరి దగ్గరా బ్రేకర్ ఉంది, డీజిల్ ఖర్చుకు వెనకాడుతున్నారు.

4. బ్లాస్టింగ్ ఉన్న క్వారీకీ ఇళ్ళకూ మధ్య కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన కనీస దూరం 200 మీటర్లు. లీజు హద్దుల నుంచి మొదటి ఇంటి దాకా సర్వేయర్‌తో మా ముందు కొలిపించాలి, కాగితం మీద స్కేలు పెట్టి కాదు.

5. చిన్న క్వారీ, గనుల చట్టం కిందికి రాదు అని ఒక సార్ మాతో అన్నారు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 3వ సెక్షన్ తీసి చదవండి. రాయి, కంకర తీసే చిన్న ఓపెన్ క్వారీలకు అందులో మినహాయింపు ఉండేది, దానికి షరతులు కూడా ఉండేవి: లోతు 6 మీటర్లు దాటకూడదు, ఒక రోజులో 50 మందికి మించి పని చేయకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. మూడూ కలిసి ఉండాలి. ఆ చట్టం ప్రకారం మందు వాడే ఏ క్వారీకీ ఈ సాకు పనికిరాదు.

6. పేల్చే సమయం రోజుకు ఒకటే, ముందే చెప్పి, పత్తి ఏరే కాలంలో మధ్యాహ్నం అన్నం వేళకు పెట్టాలి. వదిలేసిన గుంతలకు కంచె, అంచుకు మెట్లు, జిల్లా ఖనిజ నిధి డబ్బులోంచి ముందు వీటికే ఖర్చు పెట్టాలి.

క్వారీలన్నీ మూసేయమని మేము అడగడం లేదు. మా ఊరి రోడ్డుకూ, మా ఇండ్ల స్లాబులకూ కంకర ఇక్కడిదే, మా పిల్లలు కొందరు అక్కడే టిప్పర్లు నడుపుతున్నారు. అడిగేది రెండో బెంచ్ మీద మొన్నటి బ్లాస్టింగ్‌లో పడిన గరాటా గుంతలు వచ్చి చూడమని. వాటిని పూడ్చి, లెవల్ చేసి, కొత్త హోళ్ళు వేసేలోపు రావాలి. వచ్చే రోజు ఒక రోజు ముందు గ్రామ పంచాయతీకి చెప్పండి, టేపు మేమే తెస్తాం, పంచనామా మీద సంతకాలు పెట్టడానికి పదిమంది ఉంటాం. నెల రోజుల్లో ఎవరూ రాకపోతే ఫోటోలు, కొలతలు మేమే తీసి ఈ లేఖతో కలిపి హైకోర్టులో పిటిషన్ వేస్తాం.

ఇట్లు,
క్వారీ పక్క ఊరి రైతు, ఊరివాళ్ళ తరఫున